పీపీఆర్ వెల్డింగ్ మిషన్ కొన్నాక ముందు జాయింట్లు కోసి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఉప్పల్ దగ్గర జీ ప్లస్ టూ ఇల్లు, నువ్వు సొంతంగా పట్టిన మొదటి పని. అద్దె మిషన్‌తో పీపీఆర్ (వేడి చేసి అతికించే ప్లాస్టిక్ నీళ్ల పైపు) లైను వేశావు, ప్రెషర్ టెస్టు పెడితే పై బాత్రూంలో ఒక టీ (మూడు పైపులు కలిపే ముక్క), ఒక ఎల్బో (మలుపు ముక్క) కారాయి. ఇప్పుడు సొంత మిషన్ కొనాలనుకుంటున్నావు. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు దొరికే సెట్టు చాలా, ఆరేడు వేలు పెట్టాలా, ఎన్ని వాట్లది తీసుకోవాలి అని అడిగావు. అదే మిషన్‌తో బోరు పైపు కూడా అతికించవచ్చా అన్నావు. ఒక్కొక్కటీ చెప్తాను. కానీ వాట్ల కంటే ముందు ఒక మాట: కొత్త మిషన్ వచ్చిన రోజు నీ చేతిలో ఉండాల్సింది ఒక హ్యాక్‌సా బ్లేడు.

ఎందుకంటే నాకు జరిగింది విను. కొన్నేళ్ల కిందట కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ ప్లంబింగ్ నేనే చేశాను. టెస్టు పాసైంది, పది కేజీల ప్రెషర్ రాత్రంతా నిలబడింది. టైల్స్ పడ్డాయి, జనం దిగారు. నెల తిరక్కుండానే మూడో అంతస్తు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. "బాబూ, షవర్లో నీళ్లు దారంలా వస్తున్నాయి" అంది. ట్యాంకు చూశాను, వాల్వులు చూశాను, షవర్ విప్పి కడిగాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి టైలు పగలగొట్టి ఎల్బో కోసి బయటికి తీశాను. 25 ఎంఎం పైపు అది. లోపల పెన్సిలు దూరేంత దారి మిగిలింది. కరిగిన ప్లాస్టిక్ లోపలికి ముడుచుకుని గడ్డకట్టింది. బయట రింగు మాత్రం చూడముచ్చటగా ఉంది. మిషన్ థర్మోస్టాట్ పాడై 260 డిగ్రీల దగ్గర ఆగాల్సింది 300 దాటి పోతోంది. మేము మాత్రం ఎప్పటిలాగే ఏడు సెకన్లు లెక్కపెట్టి తీస్తున్నాం. నేను ఒక్కసారి కూడా వేడి కొలిచి చూడలేదు. ఆ ఫ్లాట్‌లో పదకొండు జాయింట్లు మార్చి, టైల్స్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

కారే జాయింటు ఆ రోజే కనిపిస్తుంది. మూసుకుపోయిన జాయింటు టెస్టులో పాసవుతుంది, ఎందుకంటే నీళ్లు కదలకుండా నిలబడినంతసేపు దారి ఎంతుందో ప్రెషర్ గేజీకి తెలియదు. అందుకే అద్దెదైనా, కొత్తదైనా మిషన్ చేతికి రాగానే తుక్కు ముక్కలతో ఐదారు జాయింట్లు వేసి, పూర్తిగా చల్లారాక నిలువునా రెండుగా కోయి. గోడలోకి పోయే మొదటి జాయింటు ఆ తర్వాతే.

కోసిన ముక్కలో ఏం చూడాలంటే, పైపు గోడ, ఫిట్టింగ్ (టీ, ఎల్బో లాంటి ముక్క) గోడ ఒకే ముద్దలా కలిసిపోయి ఉండాలి. రెంటి మధ్య స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా లేపు. ఊడి రాకూడదు, చిరిగితే ప్లాస్టిక్కే చిరగాలి. పొరలా విడిపోయి కింద నున్నగా మెరిసే చోటు కనిపించిందంటే అక్కడ అతకలేదు, వేడి చాలలేదన్నమాట. నీ టీ కారింది ఇందుకేనని నా అనుమానం. తర్వాత లోపలి వైపు, పైపు కొస ఆగిన చోట చూడు. సన్నటి మడత ఉంటే పరవాలేదు. ఆ మడత దారికి అడ్డంగా పెరిగి వేలు తగిలేలా ఉంటే వేడి ఎక్కువైంది, లేదా లోతు ఎక్కువ తోశావు. ఇవి రెండూ వేరువేరు తప్పులు. ఒకదాన్ని రెండోదనుకుని సరిచేయబోతే ఇంకా పాడవుతుంది. అందుకే పైపు మీద పెన్సిలుతో లోతు గీత పెట్టుకోవడం తప్పదు. గీత దాటకుండా కూడా దారి మూసుకుందంటే తప్పు వేడిది.

ఇక లెక్కలు. పీపీఆర్‌కి డై (మిషన్ ప్లేటుకు బిగించి, పైపునూ ఫిట్టింగ్‌నూ వేడి చేసే లోహపు అచ్చు) మీద 260 డిగ్రీలు ఉండాలి. 20 ఎంఎం పైపు 14 ఎంఎం లోతు పోవాలి, 5 సెకన్లు వేడి. 25కి 15 లేదా 16 ఎంఎం లోతు, 7 సెకన్లు. 32కి 17, 18 ఎంఎం లోతు, 8 సెకన్లు. 40కి వచ్చేసరికి 12 సెకన్లు, 50కి 18, 63కి 24 అవుతాయి. లోతు విషయంలో కంపెనీకీ కంపెనీకీ ఒకటి రెండు ఎంఎం తేడా ఉంటుంది, నీ పైపు కంపెనీ ఇచ్చే కాగితమే చివరి మాట. డై మీంచి తీశాక 20, 25 సైజులకు నాలుగు సెకన్లలోపు అతికించాలి, 32 నుంచి 50 దాకా ఆరు సెకన్లు, 63కి ఎనిమిది. ఆ తర్వాత చల్లారడానికి చిన్నవాటికి రెండు నిమిషాలు, 32 నుంచి 50 దాకా నాలుగు, 63కి ఆరు నిమిషాలు కదిలించకూడదు. పైపు సైజు బయటి కొలత అన్నది గుర్తుంచుకో. మనం అరంగుళం అనేది 20, ముప్పావు అనేది 25, అంగుళం అనేది 32.

సెకన్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. పైపు, ఫిట్టింగ్ రెండూ డైలో పూర్తి లోతు దిగాక మొదటి సెకను మొదలవుతుంది. డైకి తగిలించగానే లెక్క మొదలుపెడితే నువ్వు ఏడు అనేసరికి అసలు వేడి నాలుగు సెకన్లే అందుతుంది. ఫిట్టింగ్ గోడ మందం కాబట్టి ముందు ఫిట్టింగ్ ఎక్కించు, వెంటనే పైపు. నేరుగా తోయి, మెలితిప్పకు. డై మీద తిప్పినా, అతికించేటప్పుడు తిప్పినా మెత్తబడిన ప్లాస్టిక్ మీద మెలిక గీతలు పడతాయి, ఆ గీతల వెంబడే నీళ్లు దారి చేసుకుంటాయి. ఎల్బో కాస్త వంకర పోతే మొదటి రెండు మూడు సెకన్లలో కొద్దిగా, ఐదు డిగ్రీలకు మించకుండా సర్దుకోవచ్చు. ఆ తర్వాత ముట్టుకోవద్దు. పైపు మీద, ఫిట్టింగ్ మీద ముందే ఒక గీత గీసుకుని రెండు గీతలు కలిపితే ఈ టెన్షనే ఉండదు. వాల్ మిక్సర్ దగ్గర వేడి, చల్లటి నీళ్ల పాయింట్ల మధ్య ఆరంగుళాలు ఉండాలి కదా, అక్కడ మాత్రం గీతల మీద ఆధారపడకు. రెండు రంధ్రాలు చేసిన ఒక ఇనుప పట్టీ దగ్గర పెట్టుకో, అది బిగించి పట్టుకునే అతికించు.

పైపు కోసేది కత్తెర లాంటి పీపీఆర్ కట్టర్‌తోనే. హ్యాక్‌సాతో కోస్తే పొట్టు లేస్తుంది, కోత వంకర పోతుంది, ఆ వంకర మేరకు ఒక పక్క లోతు తగ్గుతుంది. (హ్యాక్‌సా జాయింట్లు కోసి చూడటానికి.) తుడిచే గుడ్డ కాటన్‌ది, పొడిగా ఉండాలి. సిమెంటు దుమ్ము పట్టిన చేత్తో పైపు కొస పట్టుకుంటే ఆ దుమ్మంతా జాయింటు మధ్యలో ఉండిపోతుంది. గోడలు గాడి కొట్టే పని జరుగుతున్నప్పుడు పక్కనే కూర్చుని వెల్డింగ్ చేయకు, పక్క గదిలోకి పో.

ఇప్పుడు మిషన్ సంగతి. 20 నుంచి 32 వరకే నీ పని అయితే 800 వాట్లది చాలు. ఇళ్లలో నూటికి తొంభై జాయింట్లు ఈ మూడు సైజులే. టెర్రస్ మీద ట్యాంకు కింద 50, 63 హెడర్ (లైన్లన్నీ విడిపోయే పెద్ద పైపు) నువ్వే వేయాలంటే 1200 నుంచి 1500 తీసుకో. పెద్ద డై ఒక్కో జాయింటుకీ చాలా వేడి లాగేస్తుంది, చిన్న మిషన్ మళ్లీ వేడెక్కేదాకా ఆగే ఓపిక సైట్ మీద ఎవరికీ ఉండదు. డబ్బా మీద రాసిన వాట్లు చూసి మురిసిపోకు. నేను చూసేది వేరే.

మొదట డై. టెఫ్లాన్ పూత అంతటా ఒకేలా ఉందా, గోరుతో గీస్తే లేస్తోందా చూడు. తర్వాత నీ పైపు ముక్క జేబులో పెట్టుకుని పో, చల్లగా ఉన్న డైలోకి తోసి చూడు. పూర్తిగా, సులువుగా దిగిపోయిందంటే ఆ డై వదులుగా ఉన్నట్టే. బిగుతు లేని డైలో పైపుకు వేడి అన్ని వైపులా సమానంగా అంటదు. పైపు, ఫిట్టింగ్‌కి కూడా ఇదే పరీక్ష చెయ్యి. చల్లగా ఉన్నప్పుడు పైపు ఫిట్టింగ్‌లోకి పూర్తిగా జారిపోకూడదు. జారిందంటే రెండిట్లో ఒకటి సైజు తప్పింది, ఎంత మంచి మిషన్ అయినా దాన్ని అతికించలేదు.

రెండోది వేడి పట్టి ఉంచడం. డిజిటల్ డిస్‌ప్లే ఉంటే మంచిదే కానీ అది చూపించేది ప్లేటు లోపల సెన్సర్ ఉన్నచోటి వేడి. నీ పైపుకు తగిలేది డై మీది వేడి. ఈ రెంటి మధ్య తేడా ఎంతుందో నువ్వే కొలవాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఉష్ణోగ్రత చూపించే మల్టీమీటర్లు దొరుకుతాయి, సన్నటి తీగ మొన ఉంటుంది. ఆ మొన డైకి ఆనించి చూడు. 250కీ 270కీ మధ్య ఆడుతుంటే మిషన్ మంచిది. లేజర్ చుక్క పడే గన్నుతో కొలవబోకు, మెరిసే లోహం మీద అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. అది చూసి నువ్వు ఇంకా వేడి పెంచుతావు. ఎర్ర లైటు మొదటిసారి ఆరగానే పని మొదలుపెట్టకు. డైలు ప్లేటు కంటే ఆలస్యంగా వేడెక్కుతాయి, ఇంకో పది నిమిషాలు ఆగు. వేడెక్కాక ఆలెన్ కీతో డై బోల్టు మరోసారి బిగించు. డైకీ ప్లేటుకీ మధ్య కాస్త సందున్నా, పాత ప్లాస్టిక్ మసి ఉన్నా డై చల్లగానే ఉంటుంది.

మూడోది ఆకారం. పలకలా వెడల్పుగా ఉండేది ఒక రకం, గుండ్రటి కడ్డీకి డైలు బిగించేది ఇంకో రకం. కింద కూర్చుని ముక్కలు అతికించుకోవడానికి పలక బాగుంటుంది, డైలు రెండు మూడు సైజులు ఒకేసారి పెట్టుకోవచ్చు. గోడ మూలలో, షాఫ్టులో, ఉన్న లైనుకు టీ కలపాల్సిన చోట కడ్డీది సులువుగా దూరుతుంది. ఒక్కటే కొనగలిగితే పలకదే కొను, ఇరుకు చోట్ల కోసం రెండోది డబ్బు సంపాదించాక కొనుక్కోవచ్చు.

రెండు వేల సెట్టా, ఆరు వేల సెట్టా అంటే, చవక సెట్టు పనికిరాదని నేను అనను. అలాంటి సెట్టుతో మంచి జాయింట్లు వేసిన కుర్రాళ్లను చూశాను. కానీ దాంట్లో తగ్గించేది డై పూత, థర్మోస్టాట్, వైరు, ఈ మూడిట్లోనే. అందుకే నా సలహా, ఆన్‌లైన్‌లో కళ్లు మూసుకుని కాకుండా రాణిగంజ్‌కో ట్రూప్ బజార్‌కో ఒక పూట వెళ్లు. షాపులోనే ప్లగ్గు పెట్టించి వేడెక్కించమను, మీటరు మొన పెట్టి చూడు, ఒక జాయింటు వేసి చూపించమను. డైలు విడిగా దొరుకుతాయా అని తప్పకుండా అడుగు. రోజూ పని చేసేవాడికి మిషన్ కంటే ముందు డై పూతే పోతుంది. పూత పోయిన డైకి ప్లాస్టిక్ అంటుకుంటుంది, అంటుకున్నది మాడుతుంది, ఆ మాడు తర్వాతి జాయింటులోకి పోతుంది. డై వేడిగా ఉన్నప్పుడే కాటన్ గుడ్డతో తుడువు. స్క్రూడ్రైవర్‌తో, బ్లేడుతో గీకావంటే దాని పని అయిపోయినట్టే.

కరెంటు గురించి ఎవరూ మాట్లాడరు కానీ సైట్ మీద సగం గొడవ అక్కడే. టెంపరరీ మీటరు నుంచి మూడో అంతస్తుకు సన్నటి వైరు లాగితే 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తుంది. వోల్టేజీ అంత పడితే 1500 వాట్ల హీటరు 900 చిల్లర వాట్లే ఇస్తుంది. మిషన్ వేడెక్కుతుంది కానీ నాలుగు జాయింట్లు వరసగా వేసేసరికి డై చల్లబడుతుంది, నువ్వు గమనించవు. నీ పై బాత్రూంలోవే కారాయి, కిందవి కారలేదు అన్నావు చూడు, నాకు మొదట తట్టింది ఇదే. మందం వైరు వాడు, 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టు, ఎర్త్ పిన్ను తీసేసి పని చేయకు. తడి స్లాబు మీద చేతిలో ఇనుము పట్టుకుని కూర్చునే పని ఇది.

ఇంకొకటి గాలి. మన దగ్గర చలికాలం పొద్దున కూడా ఐదు డిగ్రీలకు పడటం చాలా అరుదు కాబట్టి చలికి వేడి సమయం పెంచాల్సిన అవసరం రాదు. కానీ కిటికీలు పెట్టని పై అంతస్తులో గాలి వీస్తుంటే డై మీంచి తీసిన పైపు పైపొర ఆ నాలుగు సెకన్లలోనే గట్టిపడుతుంది. ఒక గోనెపట్టా అడ్డం కట్టుకుని కూర్చో.

చేతికి కరిగిన ప్లాస్టిక్ అంటితే పీకకు, తోలుతో సహా వస్తుంది. పారే చల్లటి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టి డాక్టరు దగ్గరికి పో.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. మన హైదరాబాద్ ఇళ్లలో ఎక్కువగా పడేది సీపీవీసీ. దానికి ఈ మిషన్‌తో పని లేదు, అది సొల్యూషన్ పూసి అతికించేది. యూపీవీసీ కూడా అంతే. పైపు మీద ఏం అచ్చేశారో చదివి కొనండి. పీపీఆర్ అయితే ఐఎస్ 15801 అని ఉంటుంది, సీపీవీసీ అయితే ఐఎస్ 15778. మధ్యలో అల్యూమినియం పొర ఉన్న పీపీఆర్ అయితే ఆ పొరను దాని షేవర్‌తో చెక్కేశాకే డైలో పెట్టాలి.

నీ బోరు పైపు ప్రశ్నకు నా జవాబు, వద్దు. అది హెచ్‌డీపీఈ, వేరే ప్లాస్టిక్. పీపీఆర్‌తో అతకదు. దాన్ని కొసకు కొస కలిపి అతికిస్తారు, ప్లేటు వేడి 200 నుంచి 220 డిగ్రీలు. రెండు కొసలనూ క్లాంపుల్లో బిగించి, బ్లేడుతో చదును చేసి, వేడి చేసి, ప్రెషర్ మీద కలిపి, ఆ ప్రెషర్ మీదే చల్లారనివ్వాలి. రెండు పైపుల గోడల మధ్య తేడా గోడ మందంలో పదో వంతు మించకూడదు. చేత్తో పట్టుకుని ఆ కొలత తేలేవాడు లేడు. పొలాల దగ్గర పెనం లాంటి ఇనుప రేకు మంట మీద కాల్చి అతికించేయడం నేనూ చూశాను. ఆ పైపు కింద మోటారు వేలాడుతుంది, పైన నీళ్ల బరువు. జాయింటు తెగితే వందల అడుగుల లోతులో మోటారు, పైపు, కేబులు అన్నీ పోతాయి, ఒక్కోసారి బోరే పోతుంది. ఆ పని బట్ వెల్డింగ్ మిషన్ ఉన్నవాడికి ఇచ్చెయ్యి.

ఇక నీ కారే టీ, ఎల్బో. మళ్లీ వేడిచేసి బిగించడం, పైన ఎంసీల్ పూయడం వద్దే వద్దు. ఒకసారి గడ్డకట్టిన జాయింటు రెండోసారి అతకదు. రెండు పక్కలా నాలుగంగుళాలు వదిలి కోసి తీసెయ్యి. గాడి ఇంకాస్త పొడుగు కొట్టి పైపు పక్కకు వంగేంత వదులు చేసుకుంటే కొత్త టీ, కప్లరు (రెండు పైపులు నేరుగా కలిపే ముక్క) ఎక్కించవచ్చు. పైపు కదలని చోట యూనియన్ (విప్పి బిగించుకునే జాయింటు) పెట్టాల్సి వస్తే దాన్ని టైలు వెనక దాచకు, చేయి అందే చోటికి తీసుకురా. అన్నిటికంటే ముఖ్యం, లైనులో నీళ్లు పూర్తిగా దిగిపోవాలి. కింది ట్యాపు తెరిచి పెట్టు. పైపు కొసలో ఒక్క చుక్క ఉన్నా డై వేడికి ఆవిరై బుడగ వదులుతుంది, అక్కడే మళ్లీ కారుతుంది. కోసి తీసిన ఆ రెండు ముక్కలూ పారేయకు, నిలువునా కోసి చూడు. పొర విడిపోయి ఉంటే తప్పు నీ వైరుదో, లెక్కదో అని తెలిసిపోతుంది. అప్పుడు అదే రోజు, అదే అంతస్తులో వేసిన మిగతా జాయింట్లను నమ్మొచ్చా లేదా అన్నది నువ్వే తేల్చుకోగలవు. నేనైతే ఇంకో రెండు కోసి చూస్తాను.

చివరి జాయింటు వేశాక కనీసం గంట ఆగి టెస్టు పెట్టు. గీజరు, మిక్సరు ఏవీ లేకుండా అన్ని పాయింట్లకూ ఎండ్ ప్లగ్గులు. లైనులో గాలి ఉంటే గేజీ తప్పు చెప్తుంది కాబట్టి అన్నిటికంటే పై ప్లగ్గు వదులు చేసి గాలి పోనివ్వు. ట్యాంకు ఎత్తు మీద కింది అంతస్తులో నీకు వచ్చేది కేజీంబావు ప్రెషరే, అయినా చేతి పంపుతో పది కేజీలు ఎక్కించు. మొదటి అరగంటలో ముల్లు కాస్త దిగితే కంగారుపడకు, పీపీఆర్ ప్రెషర్‌కు సాగుతుంది. పది నిమిషాలకోసారి రెండుసార్లు మళ్లీ ఎక్కించు. ఆ తర్వాతి అరగంటలో 0.6 కేజీ కంటే ఎక్కువ పడకూడదు, ఆపై రెండు గంటల్లో 0.2 దాటకూడదు. టెర్రస్ మీది లైను ఎండలో ఉంటే వేడి మార్పుకే ముల్లు దానంతటదే కదులుతుంది. అందుకే నేను ఎండ దిగాకే మొదలుపెట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున టైల్స్ మేస్త్రీ వచ్చేలోపే ముల్లు ఎక్కడుందో చూసి, ఇంటాయనను పిలిచి చూపించి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో.